ముందు ప్లగ్గు... ఆ తర్వాతే కారు!

పిల్లనిచ్చేముందు అబ్బాయి ఇల్లూ వాకిలీ చూసి రమ్మంటారు పెద్దలు. ఎలక్ట్రిక్ కారు విషయంలో మాత్రం మనవాళ్ళు రంగు చూస్తారు, లోపల టీవీ అంత ఉన్న స్క్రీను చూస్తారు, ఒక్కసారి ఛార్జింగు పెడితే ఎన్ని కిలోమీటర్లు పోతుందో అడుగుతారు. రాత్రిపూట అది ఎక్కడ పడుకుంటుంది, అక్కడ దానికి తిండి ఎవరు పెడతారు అన్నది కారు గుమ్మం ముందుకు వచ్చాక గానీ గుర్తుకు రాదు!

దేశంలోనే మొదటిసారిగా ఫార్ములా-ఈ ఎలక్ట్రిక్ కార్ల పందెం 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగింది. అంత ఆర్భాటం చూసిన ఊళ్ళో ఉంటూ కూడా మా బాలానగర్‌లో చాలా ఇళ్ళల్లో ఇప్పటికీ అదే సందేహం. "బాగానే ఉంటుందటండీ, కానీ ఛార్జింగు ఎక్కడ పెట్టాలి?" ఈ ప్రశ్న అడిగేది ఎక్కువగా ఆడవాళ్ళే. మగవాళ్ళు మైలేజీ గురించి మాట్లాడుకుంటూ ఉంటే, కరెంటు బిల్లు ఎంత వస్తుందో, ఇంటి ఓనరు ఏమంటారో, పక్కింటివాళ్ళతో మాట వస్తుందేమో అన్న ఆలోచన మనకే ముందు వస్తుంది. నిజానికి అసలు విషయం అక్కడే ఉంది.

ఊళ్ళో ఛార్జింగు స్టేషన్లు తక్కువ కాబట్టి ఎలక్ట్రిక్ కారు పనికిరాదని కొందరంటారు. రోజు రోజుకీ స్టేషన్లు పెరుగుతున్నాయి కాబట్టి కళ్ళు మూసుకుని కొనేయమని ఇంకొందరంటారు. రెండూ సగం మాటలే. ఊరంతా ఎన్ని స్టేషన్లున్నాయన్నది కాదు, మీ కారు రాత్రి నిలబడే చోట మీదంటూ ఒక ప్లగ్గు ఉందా లేదా అన్నదే ప్రశ్న.

రాత్రి పడక ముఖ్యం

బాలానగర్ నుంచి హైటెక్ సిటీ వైపు ఉద్యోగానికి వెళ్ళే వాళ్ళను తీసుకోండి. పోనూ రానూ ముప్ఫై కిలోమీటర్ల చిల్లర. మధ్యలో పిల్లల ట్యూషన్, కూరగాయలు, అత్తగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం, అన్నీ కలిపినా రోజుకు నలభై కిలోమీటర్లు. ఎలక్ట్రిక్ కారు సైజును బట్టి ఒక్క యూనిట్ కరెంటుతో సుమారు ఆరు నుంచి ఎనిమిది కిలోమీటర్లు నడుస్తుంది. అంటే రోజుకు ఆరు యూనిట్లు చాలు.

మన ఇళ్ళల్లో గీజరుకు, ఏసీకి పెట్టే పెద్ద ప్లగ్గు ఉంటుందే, 15 ఆంపియర్లది, దానిలో పెడితే గంటకు మూడు యూనిట్ల దాకా కారులోకి వెళుతుంది. అంటే ఆ రోజు తిరిగినదంతా రెండు, రెండున్నర గంటల్లో మళ్ళీ నిండిపోతుంది. పూర్తిగా ఖాళీ అయిన 30 యూనిట్ల బ్యాటరీ నిండడానికైతే పది పన్నెండు గంటలు పడుతుంది. కానీ రోజూ రాత్రి పెట్టుకునే వాళ్ళకు ఆ అవసరమే రాదు. సెల్‌ఫోను ఎలాగో ఇదీ అలాగే. పడుకునేముందు పెట్టామా, పొద్దున్నే తీశామా!

మన ఆర్టీసీ వాళ్ళు చేసిందీ ఇదే. 2019లో విమానాశ్రయానికి నలభై ఎలక్ట్రిక్ బస్సులు వేసినప్పుడు ఊరంతా ఛార్జింగు స్టేషన్లు వచ్చేదాకా ఆగలేదు. మియాపూర్, కంటోన్మెంట్ డిపోలలో ఛార్జింగు ఏర్పాటు చేసుకున్నారు. బస్సు ఎక్కడికి చేరుతుందో అక్కడే దానికి మేత. మన ఇంటికీ ఆ సూత్రమే వర్తిస్తుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా!

లెక్క మన వంటింటిదే

కరెంటు బిల్లు స్లాబుల సంగతి మనకు కొత్త కాదు. వేసవిలో ఏసీ వేసిన నెల బిల్లు చూసి గుండె పట్టుకునేది మనమే. 2022 ఏప్రిల్‌లో వచ్చిన టారిఫ్‌ను బట్టి, నెలకు 200 యూనిట్లు దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు యూనిట్ రూ.5.10, ఆపైన 300 దాకా రూ.7.70, 400 దాకా రూ.9.00, అక్కడి నుంచి 800 దాకా రూ.9.50.

మీ ఇల్లు నెలకు 250 యూనిట్లు వాడుతుందనుకోండి. కారు నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే, ఛార్జింగులో వృథా అయ్యేది కూడా కలుపుకుని 150 యూనిట్లు పెరుగుతాయి. 250 కాస్తా 400 అవుతుంది. ఆ పెరిగిన 150 యూనిట్లకు మీరు అదనంగా కట్టేది రూ.1,285. అదే వెయ్యి కిలోమీటర్లకు పెట్రోలు కారు, మన ట్రాఫిక్‌లో లీటరుకు పదిహేను ఇస్తుందనుకుంటే, 67 లీటర్లు తాగుతుంది. లీటరు 107 రూపాయల లెక్కన ఏడు వేల పైమాట. నెలకు అయిదారు వేలు మిగిలినట్టే. మన పొదుపు డబ్బాల భాషలో చెప్పాలంటే ఏడాదికి డెబ్భై వేలు!

కానీ ఇక్కడే ఒక్క నిమిషం ఆగండి. అదే సైజు పెట్రోలు కారు కన్నా ఎలక్ట్రిక్ కారు ధర లక్షల్లో ఎక్కువగా ఉంటుంది. ఆ తేడా మూడు లక్షలనుకుంటే వెయ్యి కిలోమీటర్లు తిరిగే ఇంటికి నాలుగేళ్ళ పైచిలుకులో తిరిగి వస్తుంది. స్కూలుకూ, గుడికీ, ఆదివారం పూట చుట్టాలింటికీ కలిపి నెలకు మూడు వందల కిలోమీటర్లే తిరిగే ఇంటికో? నెలకు మిగిలేది పద్దెనిమిది వందలు. ఆ మూడు లక్షలు తిరిగి రావడానికి పధ్నాలుగేళ్ళు పడుతుంది. బ్యాటరీకి కంపెనీలు సాధారణంగా ఇచ్చే హామీ ఎనిమిదేళ్ళు. ఇక మీరే ఆలోచించుకోండి. తక్కువ తిరిగేవాళ్ళకు ఇది పొదుపు కాదు, ముచ్చట మాత్రమే. ముచ్చట తప్పని నేననను, దాన్ని పొదుపు అని పిలుచుకోవద్దంటాను.

ప్రభుత్వాల వైపు నుంచి కొంత ఊరట ఉంది. ఎలక్ట్రిక్ వాహనాలపై జీఎస్టీని 2019 ఆగస్టులో 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వులో రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించి, 2026 డిసెంబరు 31 దాకా గడువు పెట్టింది. పది లక్షల కారుకు లక్ష పైనే మిగిలే సంగతి ఇది. కొనేవాళ్ళు ఆ గడువు గుర్తుపెట్టుకోవాలి.

స్కూటరున్న ఇళ్ళకు ఇంకో మాట. 2024లో మొదలైన గృహజ్యోతి పథకంలో అర్హులైన ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. ఎలక్ట్రిక్ స్కూటరు రోజుకు ముప్ఫై కిలోమీటర్లు తిరిగితే నెలకు ముప్ఫై యూనిట్లు ఖర్చవుతాయి. మామూలుగా 180 యూనిట్లు వాడే ఇల్లు 210కి చేరుతుంది. దాటింది పది యూనిట్లే కదా అనుకోవద్దు. 200 దాటిన నెల మొత్తం బిల్లూ కట్టాల్సిందే. ఆ పది యూనిట్లూ వెయ్యి రూపాయల పైన తెచ్చిపెడతాయి! స్కూటరు వచ్చిన నెల నుంచీ మీటరు మీద ఓ కన్నేసి ఉంచాల్సింది ఇల్లాలే.

మీటరు ఎవరి పేరు మీద?

ఇక మా బాలానగర్ కథకొద్దాం. 1960లలో ఐడీపీఎల్, హెచ్.ఎ.ఎల్. వచ్చాక పెరిగిన ప్రాంతమిది. వాటి వెనక చిన్న చిన్న ఫ్యాక్టరీలు, లేత్ మిషన్ల షెడ్లు, వాటిలో పనిచేసేవాళ్ళ ఇళ్ళు వచ్చాయి. నూరు, నూటయాభై గజాల్లో కింద రెండు పోర్షన్లు, పైన రెండు పోర్షన్లు వేసి అద్దెకిచ్చిన ఇళ్ళు ఎన్నో. పోర్టికో ఉంటే అందులో ఓనరు గారి బండి. అద్దెకున్నవాళ్ళ బండి వీధిలో, ఏ వేపచెట్టు కిందో. కరెంటు కొన్ని ఇళ్ళల్లో పోర్షనుకో మీటరు, కొన్నింట్లో అందరికీ ఒకటే మీటరు, లోపల సబ్ మీటర్లు.

ఇలాంటి ఇంట్లో అద్దెకుండే ఓ అమ్మాయి మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తుంది. చిన్న ఎలక్ట్రిక్ కారు కొనాలనుకుని ముందుగా ఓనరమ్మను అడిగింది.

"ఆంటీ, గేటు పక్కన ఒక ప్లగ్గు పెట్టించుకుంటాను. ఖర్చు నేనే పెట్టుకుంటా."

"గట్లెట్లయితదమ్మా? రేపు మీరు ఖాళీ చేసి పోతరు. వైర్లు కాలితే ఎవరిది పూచీ? మీటరేమో నా పేరు మీదున్నది."

ఆ అమ్మాయికి కోపం వచ్చింది గానీ ఆలోచిస్తే ఓనరమ్మ మాటలో తప్పేముంది? ఇల్లు కట్టి పాతికేళ్ళయింది. అప్పట్లో వైరింగు వేసింది నాలుగు ట్యూబులైట్లు, రెండు ఫ్యాన్లు, ఒక మిక్సీ కోసం. ఇప్పుడదే వైరు మీద గీజరు, ఏసీ, వాషింగ్ మిషను. దాని పైన మూడు కిలోవాట్ల కారు రాత్రంతా లాగితే? అటు అమ్మాయిదీ న్యాయమే. సొంతిల్లు లేనివాళ్ళు ఎప్పటికీ పెట్రోలే పోయించుకోవాలా?

చివరికి వాళ్ళిద్దరికీ కుదిరిన పద్ధతి చెబుతాను, మీకూ ఉపయోగపడుతుంది. అమ్మాయి పోర్షనుకు విడి మీటరుంది. ఆ మీటరు నుంచే గేటు దాకా కొత్త వైరు వేయించారు, దానికి విడిగా ట్రిప్ స్విచ్చి పెట్టించారు. మీటరు లోడు ముందే పెంచుకున్నారు. ఖర్చంతా అమ్మాయిది. ఖాళీ చేసేటప్పుడు ప్లగ్గు అక్కడే ఉంచాలి. ఇదంతా అద్దె కాగితంలో రాసుకున్నారు. పోర్టికోలో కారు పెట్టుకోవడానికి నెలకు కొంత కట్టడానికీ ఒప్పుకుంది. ఇప్పుడు ఓనరమ్మే "మా ఇంట్ల కారు ఛార్జింగు సౌకర్యం ఉన్నది" అని గొప్పగా చెప్పుకుంటున్నారు!

అందరికీ ఇలా కుదరదు. సబ్ మీటరు మీద యూనిట్‌కు పది రూపాయలు వసూలు చేసే ఇంట్లో, కారు వీధిలో నిలిపే వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఇప్పుడే కొనకండి. రోడ్డుకు అడ్డంగా వైరు లాగి ఛార్జింగు పెట్టడం పిల్లలు తిరిగే వీధిలో ప్రమాదం. రోజూ బయటి స్టేషనుకు పరుగెత్తడం ఇంకో ఉద్యోగం. ఆఫీసులో ఛార్జింగు ఉందిగా అంటారా? ఉద్యోగం మారితే? ఇంటి నుంచే పని చేయమంటే? ఎరువు సొమ్ము బరువు చేటంటారు కదా!

అపార్టుమెంటులో పంచాయితీ

సొంత ఫ్లాటున్నా గొడవ తప్పదు. సెల్లారులో పార్కింగు మనదే, కానీ అక్కడి కరెంటు కామన్ మీటరుది. "మీ కారుకు మేమెందుకు కట్టాలి?" అని పై అంతస్తువాళ్ళు అడగడం సహజం. లిఫ్టు కరెంటు గురించే కీచులాడుకునే చోట కారు సంగతి చెప్పాలా!

ఇక్కడ మనకు తెలియాల్సిన నిబంధనలు రెండున్నాయి. ఇంట్లోగానీ ఆఫీసులోగానీ ఉన్న కనెక్షన్‌తోనే బండి ఛార్జింగు చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. 2024 ఫిబ్రవరిలో విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరిస్తూ, ఎలక్ట్రిక్ వాహనం ఛార్జింగు కోసం విడిగా కనెక్షన్ అడిగే హక్కు కూడా ఇచ్చింది. తెలంగాణ టారిఫ్‌లో ఈ ఛార్జింగుకు వేరే కేటగిరీ ఉంది. అంటే విడి మీటరు తీసుకుంటే ఇంటి స్లాబు పెరగదు, పక్కవాళ్ళ మీద భారం పడదు.

నార్వే దేశంలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో పదింట దాదాపు తొమ్మిది ఎలక్ట్రిక్‌వే. ఆ దేశం ధనిక దేశం, పన్ను రాయితీలు ఎక్కువ, నిజమే. కానీ ఇంకో సంగతి కూడా ఉంది. ఫ్లాటు వాళ్ళు పార్కింగులో ఛార్జింగు పాయింటు పెట్టుకుంటామంటే తగిన కారణం లేకుండా సంఘం కాదనకూడదని అక్కడి చట్టం. స్టేషన్లతో పాటు ఇలాంటి చిన్న మాటలే కార్లను నడిపిస్తాయి.

మన సంఘాల్లోనూ ఒకరు అడిగినప్పుడల్లా ఒక వైరు లాగే బదులు, అందరూ కూర్చుని ఒకేసారి తేల్చుకుంటే మంచిది. ట్రాన్స్‌ఫార్మరు ఎంత లోడు మోస్తుందో కరెంటు ఆఫీసులో కనుక్కోవాలి. ఎవరి పాయింటుకు వారి మీటరు ఉండాలి. రాత్రి పదకొండు తర్వాత, అంటే లిఫ్టూ మోటారూ గీజర్లూ సద్దుమణిగాక ఛార్జింగు పెట్టుకోవాలని నియమం పెట్టుకోవచ్చు. సంఘం మీటింగుకు "మీరు వెళ్ళిరండి" అని శ్రీవారిని పంపేసి మనం టీలు అందించడం మానేసి, ఈ ఒక్క విషయానికైనా వెళ్ళి కూర్చుందాం. ఇంటి కరెంటు లెక్క మనకన్నా ఎవరికి బాగా తెలుసు?

బయటి స్టేషనును నమ్ముకుంటే...

బయటి ఫాస్ట్ ఛార్జరు దగ్గర గంటలోపే బ్యాటరీ చాలావరకు నిండుతుంది. ధర యూనిట్‌కు పద్దెనిమిది, ఇరవై రూపాయలు, కొన్నిచోట్ల ఇంకా పైన. వెయ్యి కిలోమీటర్లకు మూడు వేలనుకోండి. పెట్రోలు కన్నా తక్కువే. కష్టం డబ్బులో లేదు, సమయంలో ఉంది. నెలకు అయిదారుసార్లు వెళ్ళాలి, ఒక్కోసారి గంట. అక్కడికి చేరేసరికి ముందు రెండు కార్లుంటే ఇంకో రెండు గంటలు. ఒక్కోచోట మిషను పనిచేయదు, ఒక్కోచోట ఆ స్థలంలో పెట్రోలు కారు నిలిపి ఎటో వెళ్ళిపోతారు. కంపెనీకో యాప్, దానిలో ముందుగా డబ్బు వేసి ఉంచాలి.

ఆఫీసు నుంచి రాత్రి తొమ్మిదింటికి తిరిగి వచ్చే ఆడపిల్ల చీకట్లో ఒక మూల ఒంటరిగా కారులో గంటసేపు కూర్చోవాలంటే ఎలా ఉంటుంది? స్టేషను ఎక్కడుందో యాప్ చెబుతుంది. అక్కడ లైటుందా, కాపలా మనిషి ఉన్నాడా, టాయిలెట్ ఉందా అన్నది వెళ్ళి చూస్తేనే తెలుస్తుంది. మీరు తరచూ వెళ్ళే దారిలో అలాంటి నమ్మకమైన చోట్లు రెండు ముందే చూసి పెట్టుకోండి. ఒకటి చెడిపోతే రెండోది.

మరి సంక్రాంతికి ఊరెళ్ళాలంటే? విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు. కంపెనీ కాగితం మీద మూడు వందలని రాసినా, ఏసీ వేసుకుని, నలుగురూ ఎక్కి, అరిసెల డబ్బాలతో హైవే మీద వెళితే అంత రాదు. మధ్యలో ఒక్కసారైనా ఆగాలి. ఈ దారిలో భోజనానికి ఆగే హోటళ్ళ దగ్గర ఛార్జర్లు వచ్చాయి కాబట్టి మామూలు రోజుల్లో ఇబ్బంది లేదు. కారు తినేలోపు మనమూ తినేస్తాం. కానీ భోగికి ముందురోజు పంతంగి టోల్‌గేటు దగ్గర ఎంత వరసో మనకు తెలుసు. అదే వరస ఛార్జరు దగ్గరా ఉంటుంది. పండగకు రెండు రోజులు ముందుగా బయలుదేరడమో, ఆ ఒక్క ప్రయాణానికి రైలెక్కడమో మేలు. ఏడాదికి రెండు ప్రయాణాల కోసం మిగతా ఏడాదంతా పెట్రోలు కొనడం ఎందుకూ?

నిప్పుతో చెలగాటం వద్దు

2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఓ హోటల్ కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి, పొగకు పైన బస చేసినవాళ్ళలో ఎనిమిది మంది చనిపోయిన సంగతి మనం మరిచిపోలేదు. అలాగని ఎలక్ట్రిక్ బండి అంటేనే భయపడనక్కర్లేదు. గ్యాస్ సిలిండరుతో రోజూ కాపురం చేస్తున్నాం కదా! జాగ్రత్తలు తెలిస్తే చాలు.

ఎక్స్‌టెన్షన్ బాక్సుతో కారుకు ఎప్పుడూ ఛార్జింగు పెట్టకండి. మీటరు నుంచి నేరుగా విడి వైరు, ట్రిప్ స్విచ్చి, సరైన ఎర్తింగు ఉండాలి. పాత ఇళ్ళల్లో ఎర్తింగు గుంత ఎండిపోయి ఉంటుంది, ముందు అది చూపించండి. స్కూటరు బ్యాటరీ ఇంట్లోకి తెచ్చుకుంటే మంచం పక్కన, మెట్ల కింద, గుమ్మానికి అడ్డంగా పెట్టకండి. 2020 అక్టోబరు వానల్లో మన ఊళ్ళో సెల్లార్లు ఎలా మునిగాయో గుర్తుంది కదా, ప్లగ్గు పాయింటు నేలకు బాగా ఎత్తులో ఉండాలి. నీళ్ళలో మునిగిన బండిని మెకానిక్ చూసేదాకా ఛార్జింగు పెట్టకూడదు.

అడ్వాన్సు కట్టేముందు

ఈ ఆరు ప్రశ్నలూ ఒక కాగితం మీద రాసి, ఇంట్లో అందరి ముందూ జవాబులు రాయండి.

1. రాత్రి కారు నిలిపే చోటు మీదేనా? రేపు ఎవరైనా ఖాళీ చేయమంటే?
2. అక్కడికి మీ సొంత మీటరు నుంచి వైరు వస్తుందా?
3. ఆ మీటరుకు ఎంత లోడు మంజూరైంది? ఏసీ, గీజరు, కారు ఒకేసారి మోస్తుందా?
4. నెలకు నిజంగా ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు? ఊహ కాదు, పాత బండి మీటరు చూసి రాయండి.
5. ప్లగ్గు ఒక వారం పనిచేయకపోతే దగ్గరలో ఇంకో దారి ఉందా?
6. ఓనరు గారో, సంఘమో ఒప్పుకున్నది కాగితం మీద ఉందా?

మొదటి రెంటికీ "అవును" వచ్చి, నెలకు ఏడెనిమిది వందల కిలోమీటర్లు దాటేవాళ్ళకు ఎలక్ట్రిక్ కారు ఈ రోజే పనికొస్తుంది, స్టేషన్లు పెరిగేదాకా ఆగనక్కర్లేదు. మొదటి రెంటికీ "కాదు" అని వస్తే ఎంత మంచి ఆఫరిచ్చినా వెనక్కి రండి. బాలానగర్ నుంచి మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే హైటెక్ సిటీలో దిగవచ్చు. దానికి ఛార్జింగు దిగులూ లేదు, పార్కింగు గొడవా లేదు. కారు కోసం దాచిన డబ్బు బ్యాంకులో ఇంకో ఏడాది ఉంటే దానికేం నష్టం?

షోరూంలో అబ్బాయి మనకు కారు తాళాలు ఇవ్వగలడు గానీ గోడ మీద ప్లగ్గు ఇవ్వలేడు. అది ఓనరమ్మతో మనం మాట్లాడి, సంఘంలో మనం అడిగి తెచ్చుకోవాల్సిందే. ఇవాళ మీకు కారు కొనే ఆలోచన లేకపోయినా, కింద పోర్షనులో ఉన్న అమ్మాయి వచ్చి అడిగితే వెంటనే కాదనకండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఒకసారి చూపించండి. ఏమంటారు?